ఫ్లూ కేసులు ఒక్కసారిగా పెరిగాయి: స్వాబ్ ఎవరికి తీయాలి, ఎవరికి అక్కర్లేదు?

కొండవాలు_పీహెచ్‌సీ అడిగారు:

అందరికీ నమస్కారం. ఏజెన్సీ ప్రాంతంలో పీహెచ్‌సీ. మామూలుగా రోజుకు 60 దాటని ఓపీ ఈ వారం 140కి చేరింది. వచ్చేవాళ్లలో సగం మందికి జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లు నొప్పులు. పోయిన వారం 4 శాంపిళ్లు పంపితే 3 హెచ్1ఎన్1 పాజిటివ్ వచ్చాయి.

ప్రస్తుతం 18 వీటీఎమ్ ట్యూబులు (స్వాబ్‌ను ల్యాబ్‌కు పంపే ద్రవం ఉన్నవి), 25 ర్యాపిడ్ యాంటిజెన్ కిట్లు మిగిలాయి. ల్యాబ్‌కు బండి సోమ, గురువారాల్లోనే వెళ్తుంది. రిపోర్ట్ చేతికి రావడానికి కనీసం మూడు రోజులు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ క్యాప్సూళ్లు సరిపడా ఉన్నాయి, పిల్లల సిరప్ మాత్రం లేదు. పక్కనే ఆశ్రమ పాఠశాల ఉంది. 310 మంది పిల్లల్లో 41 మందికి జ్వరం. పంచాయతీ పెద్దలు, పిల్లల తల్లిదండ్రులు "అందరికీ టెస్ట్ చేయండి" అని పట్టుబడుతున్నారు.

ఈ 18 ట్యూబులు ఎవరికి వాడాలి? బీ కేటగిరీ (జ్వరం తీవ్రంగా ఉన్న లేదా ముప్పు ఎక్కువున్న) వాళ్లకు మందు ఇస్తున్నప్పుడు టెస్ట్ లేకుండా ఇవ్వడం సరైనదేనా? ర్యాపిడ్ నెగటివ్ వస్తే ఫ్లూ కాదని ఇంటికి పంపేయొచ్చా? హాస్టల్లో ఎంతమందికి తీయాలి? వానాకాలం కదా, డెంగీ, మలేరియా కూడా తిరుగుతున్నాయి.

---

జిల్లా_సర్వైలెన్స్:

డాక్టర్ గారూ, ముందు రెండో ప్రశ్న తీసుకుంటాను. అది తేలితే మొదటిదానికి సగం జవాబు దొరికినట్టే.

కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన ఏ, బీ, సీ వర్గీకరణలో టెస్ట్ తప్పనిసరి అన్నది ఒక్క సీకే. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉన్నవాళ్లు ఏ. వీళ్లకు ఒసెల్టామివిర్ వద్దు, స్వాబ్ వద్దు. ఇంట్లో విశ్రాంతి, 24 నుంచి 48 గంటల్లో మళ్లీ చూడటం చాలు. జ్వరం బాగా ఎక్కువగా, గొంతు మంట తీవ్రంగా ఉంటే బీ-1. జబ్బు కొద్దిగానే ఉన్నా మనిషికి ముప్పు ఎక్కువైతే బీ-2: గర్భిణులు, 65 దాటినవాళ్లు, షుగర్, గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, కిడ్నీ, రక్త సంబంధ జబ్బులు, నరాల జబ్బులు, క్యాన్సర్, హెచ్ఐవీ, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, ఇలాంటి జబ్బులున్న పిల్లలు. బీ-2కి ఒసెల్టామివిర్ మొదలుపెట్టాలి, బీ-1కి మీ అంచనాను బట్టి. రెండింటికీ టెస్ట్ అక్కర్లేదని ఆ పత్రంలోనే స్పష్టంగా రాసి ఉంది. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, బీపీ పడిపోవడం, తెమడలో రక్తం, గోళ్లు నీలంగా మారడం, పాత జబ్బు ఉన్నట్టుండి ముదరడం ఉంటే సీ. వాళ్లకు అడ్మిషన్, మందు, స్వాబ్ మూడూ ఒకేసారి జరగాలి.

బీకి టెస్ట్ ఎందుకు వద్దన్నారో చాలామందికి మింగుడుపడదు. మీ లెక్కలోనే చూడండి. ఈ రోజు మంగళవారం. ఇప్పుడు తీసిన స్వాబ్ గురువారం బండెక్కుతుంది, రిపోర్ట్ ఆదివారం వస్తుంది. ఒసెల్టామివిర్ బాగా పనిచేసేది లక్షణాలు మొదలైన మొదటి 48 గంటల్లో. ఆదివారం వచ్చే కాగితం ఈ రోజు గర్భిణికి మందు ఇవ్వాలా వద్దా అన్నది తేల్చలేదు. పైగా మీ ఊళ్లో ఫ్లూ తిరుగుతోందని ఇప్పటికే రుజువైంది. అలాంటప్పుడు జ్వరం, దగ్గు కలిసి వచ్చిన మనిషికి ఫ్లూ అనుకుని మందు ఇవ్వడంలో తప్పు లేదు. మొదటి నాలుగు శాంపిళ్లు ఆ పని చేసిపెట్టాయి. అదే పనికి ఇంకో నలభై అక్కర్లేదు.

కాబట్టి ప్రతి ట్యూబు దగ్గరా ఒక్కటే అడగండి: దీని ఫలితం పాజిటివ్ అయితే నేను చేసేది ఏమిటి, నెగటివ్ అయితే చేసేది ఏమిటి? రెండూ ఒకటే అయితే ట్యూబు పక్కన పెట్టండి.

ఆ లెక్కన పీహెచ్‌సీ స్థాయిలో ట్యూబు ఖర్చు పెట్టాల్సింది వీళ్లకు. ఒకటి, మీరు అడ్మిట్ చేస్తున్న లేదా పైకి రెఫర్ చేస్తున్న ప్రతి శ్వాసకోశ కేసు. వాహనం సిద్ధంగా ఉంటే స్వాబ్ కోసం ఆపకండి, పెద్దాసుపత్రిలో తీస్తారు. ఒసెల్టామివిర్ మొదటి డోసు మాత్రం మీ దగ్గరే మింగించి, ఎన్నింటికి ఇచ్చారో రెఫరల్ చీటీలో రాయండి. రెండు, జ్వరం, దగ్గుతో చనిపోయి కారణం తెలియనివాళ్లు. మూడు, కోళ్ల మరణాలు ఉన్న చోట కోళ్లను ముట్టుకున్నవాళ్లు, కోసినవాళ్లు, పచ్చి మాంసం తిన్నవాళ్లు. వీళ్లకు జబ్బు ఎంత తేలికగా ఉన్నా స్వాబ్ తీయాల్సిందే. 2025లో గోదావరి జిల్లాల్లో కోళ్లకు హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ) వచ్చింది, అదే ఏడాది పల్నాడు జిల్లాలో చిన్నపిల్ల ఆ వైరస్‌తో చనిపోయింది. మన రాష్ట్రంలో ఈ ప్రశ్న అడగకుండా ఓపీ చీటీ ముగించకూడదు. నాలుగు, కొత్త గుంపు. అంటే ఇప్పటిదాకా కేసులు లేని ఊళ్లో, హాస్టల్లో, వృద్ధాశ్రమంలో 72 గంటల్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి జ్వరం, దగ్గు వస్తే మొదటి కొద్దిమందికి.

తల్లిదండ్రులకు "టెస్ట్ లేదు" అని చెప్పకండి, "మందుకు టెస్ట్ అడ్డం కాకూడదు" అని చెప్పండి. ఏ కేటగిరీ వాళ్లకు ప్రమాద లక్షణాలు రాసిన చీటీ చేతికివ్వండి. మరుసటి రోజు ఆశా కార్యకర్త వెళ్లి చూసేలా పేర్లు ఆమెకు అందాలి. అందరికీ స్వాబ్ తీసే సమయంలో ఈ పని చేస్తే ప్రాణాలు నిలబడతాయి.

---

వైరాలజీ_బల్ల:

ర్యాపిడ్ గురించి నేను చెప్తాను. ప్రతి సీజన్‌లోనూ ఎక్కువ పొరపాట్లు జరిగేది అక్కడే.

మామూలు ర్యాపిడ్ యాంటిజెన్ కిట్ ఫ్లూ ఉన్న 100 మందిలో 50 నుంచి 70 మందినే పట్టుకుంటుంది. పెద్దవాళ్లలో ఇంకా తక్కువ, ఎందుకంటే పిల్లలు విడుదల చేసినంత వైరస్ పెద్దవాళ్లు చేయరు. ఫ్లూ లేనివాళ్లను లేదని చెప్పడంలో మాత్రం నమ్మకంగా ఉంటుంది, 98 శాతం దాకా.

60 శాతం, 98 శాతం అనుకుని లెక్క వేయండి. మీ ఓపీలో జ్వరం, దగ్గు ఉన్న 100 మందిలో 40 మందికి నిజంగా ఫ్లూ ఉందనుకుందాం. కిట్ 24 మందిని పట్టుకుంటుంది, 16 మందిని వదిలేస్తుంది. ఫ్లూ లేని 60 మందిలో ఒకరికి తప్పుడు పాజిటివ్. అంటే పాజిటివ్ వస్తే దాదాపు ఖాయం. నెగటివ్ వచ్చిన 75 మందిలో మాత్రం 16 మందికి ఫ్లూ ఉంది, అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి. ఆ నెగటివ్‌ను చూసి గర్భిణికి మందు ఆపారంటే ఐదింట ఒకసారి పొరపాటు చేసినట్టే.

ఇదే కిట్‌ను సీజన్ కాని ఏప్రిల్, మేలో వాడితే కథ తిరగబడుతుంది. 1000 మందిలో 20 మందికే ఫ్లూ ఉంటే నిజమైన పాజిటివ్‌లు 12, తప్పుడువి 20 దాకా. అప్పుడు పాజిటివ్‌నే నమ్మలేం, పీసీఆర్‌తో (ల్యాబ్‌లో వైరస్ జన్యువులను వెతికే పరీక్షతో) తేల్చుకోవాలి. కిట్ అదే, చేయీ అదే. చుట్టూ జబ్బు ఎంత ఉందన్నదాన్ని బట్టి ఫలితానికి అర్థం మారిపోతుంది.

మీ 25 కిట్లకు సరైన చోటు హాస్టల్. ఒక్క మనిషి విషయంలో బలహీనమైన కిట్ గుంపు విషయంలో బాగా పనికొస్తుంది. జ్వరం మొదలై రెండు రోజులు దాటని ఆరుగురు పిల్లల్ని తీసుకోండి. హాస్టల్లో ఉన్నది ఫ్లూయే అయితే, ఆరుగురికీ అదే సోకి ఉంటే, ఆరు కిట్లూ తప్పి నెగటివ్ రావడానికి అవకాశం 0.4ను ఆరుసార్లు గుణిస్తే వచ్చేదే, అర శాతం కూడా లేదు. ఆరుగురిలో సగం మందికే ఫ్లూ ఉండి మిగతావాళ్లది మామూలు జలుబు అయినా అన్నీ నెగటివ్ వచ్చే అవకాశం 6 శాతం. రెండు పాజిటివ్ వస్తే చాలు, మిగతా 35 మందికి కిట్ విప్పక్కర్లేదు. పాజిటివ్ వచ్చిన వాళ్లలో ఇద్దరికి, నెగటివ్ వచ్చినా జ్వరం బాగా ఉన్న ఇద్దరికి వీటీఎమ్‌లో స్వాబ్ తీసి పంపండి, టైపు తెలుస్తుంది. మీ 18లో నాలుగు పోతాయి.

ఆరుగురినీ ఒకే గదిలోంచి తీయకండి. వేర్వేరు డార్మిటరీల నుంచి, వీలైతే వంటమనిషి లేదా వార్డెన్ ఒకరు ఉండేలా ఎంచుకోండి. నాలుగైదు రోజుల కిందట మొదలై తగ్గుముఖం పట్టిన పిల్లల్ని తీసుకుంటే వైరస్ తగ్గిపోయి ఉంటుంది, అన్నీ నెగటివ్ వచ్చి "ఇది ఫ్లూ కాదు" అనే తప్పు నిర్ణయానికి వస్తారు. హాస్టళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. టీచర్లు మొదట జబ్బుపడిన పిల్లల్నే ముందు వరసలో కూర్చోబెడతారు. మీరు నిన్న, మొన్న జ్వరం వచ్చినవాళ్లను అడిగి తీసుకోండి.

ఇక శాంపిల్. ల్యాబ్‌కు వచ్చే వాటిలో వైరస్ లేక నెగటివ్ అయ్యేవి కొన్నయితే, తీసిన తీరు వల్ల నెగటివ్ అయ్యేవి కొన్ని. పీసీఆర్‌లో వైరస్ జన్యువులతో పాటు ఆర్‌నేజ్-పీ అనే మనిషి జన్యువును కూడా వెతుకుతాం. స్వాబ్‌కు మనిషి కణాలు అంటుకున్నాయా లేదా అన్నది అది చెప్తుంది. ఆ గీత లేవకపోతే స్వాబ్ ముక్కు గుమ్మం దగ్గరే తిరిగి వచ్చిందని అర్థం. దాన్ని నెగటివ్ అని రాయం, మళ్లీ పంపమంటాం. మీకు అది ఇంకో నాలుగు రోజులు.

తీసేటప్పుడు తల కొద్దిగా వెనక్కి వంచి, స్వాబ్‌ను కళ్ల వైపు పైకి కాకుండా అంగిలికి సమాంతరంగా, చెవి వైపుకి నెట్టాలి. ముక్కు రంధ్రం నుంచి చెవి దాకా ఎంత దూరమో బయట కొలుచుకోండి, అందులో సగం దాటాక మెత్తగా అడ్డు తగులుతుంది. అక్కడ కొన్ని క్షణాలు ఉంచి, మెల్లగా తిప్పుతూ బయటికి తీయాలి. కన్నీళ్లు రావడం, తుమ్మడం మామూలే. మధ్యలో గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా రెండో రంధ్రం చూడండి. గొంతు స్వాబ్ కూడా తీసి అదే ట్యూబులో వేస్తే పట్టుకునే అవకాశం పెరుగుతుంది. నాలుకకు, చిగుళ్లకు తగలకుండా గొంతు వెనక గోడ మీద రుద్దాలి.

కర్ర పుల్లకు దూది చుట్టిన స్వాబ్‌లు వాడొద్దు, అవి పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. డాక్రాన్, నైలాన్ కొనలు, ప్లాస్టిక్ పుల్ల ఉండాలి. పుల్ల మీద గీత ఉన్న చోట విరిచి ట్యూబులో వదిలేయండి. గీత దగ్గర విరవకుండా వంచి మూత బిగిస్తే దారిలో అది మూతను పైకి నెడుతుంది. ట్యూబు వచ్చేసరికి సగం ద్రవం ఐస్‌బాక్స్‌లో ఉంటుంది, దాన్ని మేం తెరవకుండానే తిరస్కరిస్తాం. వీటీఎమ్ గులాబీ రంగులో ఉండాలి. పసుపుపచ్చగా మారినా, మడ్డిగా కనిపించినా పక్కన పడేయండి.

సోమవారం తీస్తే సోమవారమే, మంగళ, బుధవారాల్లో తీస్తే గురువారం బండికి పంపండి. అప్పటిదాకా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టకండి. మైనస్ 20లో గడ్డకట్టి కరిగితే 4 డిగ్రీల్లో ఉంచినదానికంటే ఎక్కువ చెడిపోతుంది. 48 గంటల్లో చేరితే మంచిది, మూడు రోజులు దాటనివ్వకండి. కాబట్టి గురువారం బండి వెళ్లాక ఓపీలో అత్యవసరం కాని స్వాబ్‌లు తీయొద్దు. శుక్రవారం తీసింది సోమవారం దాకా కూర్చుంటుంది.

---

పిల్లల_వైద్యం_తూర్పు:

సర్వైలెన్స్ సార్ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క చోట తప్ప. ఐదేళ్ల లోపు పిల్లల్ని, ముఖ్యంగా రెండేళ్ల లోపు వాళ్లను "ఇతర జబ్బులు లేవు కాబట్టి ఏ" అని వదలడం నాకు ఇష్టం ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ వయసే ముప్పు. వీళ్లలో ర్యాపిడ్ పాజిటివ్ వస్తే నేను చేసే పని మారుతుంది. యాంటీబయాటిక్ ఆపేస్తాను, ఆస్పిరిన్ ఉన్న మందులు ఏవీ ఇవ్వొద్దని తల్లికి గట్టిగా చెప్తాను, మర్నాడు మళ్లీ రమ్మంటాను. కిట్లు మిగిలితే రెండేళ్ల లోపు వాళ్లకు వాడండి. పిల్లల్లో కిట్ కొంచెం మెరుగ్గా పనిచేస్తుంది కూడా.

పిల్లల్లో సీ కేటగిరీ పట్టుకోవడానికి స్టెతస్కోప్ కంటే గడియారం ముఖ్యం. చొక్కా పైకెత్తి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, రెండు నుంచి పదకొండు నెలలకు 50, ఏడాది నుంచి ఐదేళ్లకు 40. వీటికి చేరినా, దాటినా వేగం ఎక్కువ ఉన్నట్టే. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం వద్దు, చిన్నపిల్లల ఊపిరి ఒక తీరుగా నడవదు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా లెక్క కూడా అవసరం లేదు. పంపండి.

సిరప్ లేదన్నారు. 75 మిల్లీగ్రాముల క్యాప్సూల్ విప్పి పొడిని 5 మిల్లీలీటర్ల నీటిలో కలిపితే మిల్లీలీటరుకు 15 మిల్లీగ్రాములు. 15 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, అంటే 2 మిల్లీలీటర్లు. 15 నుంచి 23 కిలోలకు 45, అంటే 3 మిల్లీలీటర్లు. 24 నుంచి 40 కిలోలకు 60, అంటే 4 మిల్లీలీటర్లు. 40 దాటితే పూర్తి క్యాప్సూల్. రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. ఏడాది లోపు బిడ్డకు కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున డోసు లెక్క కట్టండి. అడుగున తెల్లగా కాస్త పొడి మిగులుతుంది, అది మందు కాదు, కంగారుపడొద్దు. చేదు కాబట్టి కొలిచాక పంచదార నీళ్లో, తేనో కలపండి. ఏడాది లోపు వాళ్లకు తేనె వద్దు. కలిపింది అప్పుడే తాగించాలి, మిగిలింది పారబోయాలి. సూది లేని సిరంజి ఇవ్వండి, చెంచాలతో కొలత కుదరదు. ఏఎన్‌ఎం ఒకసారి తల్లి ముందే కలిపి చూపించాలి.

మీది ఏజెన్సీ కాబట్టి సికిల్ సెల్ (వంశపారంపర్య రక్త జబ్బు) ఉన్న పిల్లలు ఉంటారు. హాస్టల్ రిజిస్టర్లో వాళ్ల పేర్లు ముందే తీసి పెట్టుకోండి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లవి కూడా. వీళ్లకు జ్వరం వచ్చిన రోజే మందు, టెస్ట్ దాకా ఆగొద్దు. సికిల్ సెల్ బిడ్డకు జ్వరంతో పాటు ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే అది ఫ్లూ కావచ్చు, సికిల్ సెల్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినే ఛాతీ సంక్షోభం కావచ్చు, రెండూ కలిసి ఉండొచ్చు. అడ్మిషన్, ఎక్స్‌రే తప్పనిసరి.

---

కొండవాలు_పీహెచ్‌సీ:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. హాస్టల్లో ఆరు కిట్ల పద్ధతి రేపే చేస్తాను. ఇంకో రెండు సందేహాలు. డెంగీ, మలేరియా తిరుగుతున్నప్పుడు దగ్గు ఉంది కదా అని ఫ్లూ అనుకుని వదిలేస్తే ప్రమాదం కాదా? హాస్టల్లో జబ్బు లేని పిల్లలందరికీ ముందు జాగ్రత్తగా ఒసెల్టామివిర్ ఇవ్వమని అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

---

ఛాతీ_ఐసీయూ:

మొదటిదానికి: ఏజెన్సీలో జ్వరం అంటే మలేరియా ర్యాపిడ్, రక్తపు పూత లేకుండా ఎవరినీ పంపకండి, ఫ్లూ అని మీకు ఎంత నమ్మకం ఉన్నా సరే. డెంగీ విషయంలో దగ్గు, ముక్కు కారడం లేకుండా జ్వరం, కళ్ల వెనక నొప్పి, వాంతులు, కడుపునొప్పి ఉంటే మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (డెంగీ రక్తపరీక్ష), రక్తకణాల లెక్క చూడండి. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్లకు ముక్కు లోతుల్లోకి స్వాబ్ పెట్టకండి, రక్తం ఆగడం కష్టమవుతుంది. గొంతు స్వాబ్ చాలు. వాళ్లకు జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. దగ్గు రెండు వారాలు దాటినవాళ్లు మీ ఫ్లూ వరసలో ఉండకూడదు, వాళ్ల తెమడ టీబీకి వెళ్లాలి. ఫ్లూ గందరగోళంలో వాళ్లు దగ్గు మందు తీసుకుని వెళ్లిపోతుంటారు.

పెద్దవాళ్లలో జ్వరం కోసం ఎదురుచూడకండి. 70 దాటిన మనిషి రాత్రి నుంచి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడనో, తూలి పడిపోయాడనో, ఉన్న ఆయాసం ఎక్కువైందనో వస్తారు. ధర్మామీటర్ మామూలుగానే ఉంటుంది. ఈ సీజన్‌లో అలాంటి మనిషిని అడ్మిట్ చేస్తే ఫ్లూ స్వాబ్ తీయాలి. గుండె ఫెయిల్యూర్, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ముదిరి వచ్చినవాళ్లకు కూడా. ఇక్కడ ఫలితం నిజంగా పని మారుస్తుంది. వార్డులో ఎవరి పక్కన పడుకోబెట్టాలి, ఎవరు మాస్కు వేసుకోవాలి, యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపాలి అన్నీ దాని మీదే ఉంటాయి.

పైకి పంపినవాళ్ల గురించి కూడా చెప్తాను, ఎందుకంటే ఆ రిపోర్ట్ తిరిగి మీ దగ్గరికే వస్తుంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ముక్కు స్వాబ్ నెగటివ్ వస్తే ఫ్లూ లేదని కాదు. వైరస్ అప్పటికి కిందికి, ఊపిరితిత్తుల్లోకి దిగి ఉండొచ్చు. శ్వాసగొట్టం నుంచి తీసిన స్రావంతో మళ్లీ చేసి, అది కూడా నెగటివ్ అయ్యాకే ఒసెల్టామివిర్ ఆపడం గురించి ఆలోచిస్తాం. ఐదో రోజున వచ్చిన తీవ్రమైన కేసుకు కూడా మందు ఇస్తాం, 48 గంటల గీత అడ్మిట్ అయినవాళ్లకు వర్తించదు. కిడ్నీ పనితనం తగ్గితే డోసు తగ్గించాలి. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ వడపోత కొలత) 30 నుంచి 60 మధ్య ఉంటే 30 మిల్లీగ్రాములు రెండుసార్లు, 10 నుంచి 30 మధ్య ఉంటే ఒక్కసారే.

ఫ్లూ పాజిటివ్ కాగితం చేతిలో ఉన్నా కళ్లు మూసుకోకూడదు. జ్వరం తగ్గి, రెండు రోజులు బాగుండి, మళ్లీ తిరగబెట్టి తెమడ రంగు మారితే అది వెనకొచ్చిన నెమ్ము. న్యూమోకాకస్, స్టెఫైలోకాకస్ అలాగే వస్తాయి. ఆ రోగికి కావాల్సింది ఇంకో ఫ్లూ టెస్ట్ కాదు, ఎక్స్‌రే, బ్లడ్ కల్చర్, యాంటీబయాటిక్. తగ్గినవాళ్లకు "నెగటివ్ అయిందో లేదో" చూడటానికి మళ్లీ స్వాబ్ తీయడం కూడా అనవసరం. పీసీఆర్ చచ్చిన వైరస్ ముక్కలను కూడా పట్టుకుంటుంది. మందు వాడినా తగ్గని, రోగనిరోధక శక్తి లేని రోగి ఒక్కడే ఇందుకు మినహాయింపు. అక్కడ మందుకు లొంగని వైరస్ ఉందేమో చూడాలి.

---

జిల్లా_సర్వైలెన్స్:

హాస్టల్లో అందరికీ నివారణ డోసు వద్దు. 270 మంది ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు రోజుకొక మాత్ర వేస్తూ పోతే వాళ్లలో ఇప్పటికే సోకినవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లకు అది చికిత్సలో సగం మోతాదు, వైరస్ మందును తట్టుకోవడానికి అదే దారి. సికిల్ సెల్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్న పిల్లలకు, అదీ జబ్బుపడ్డ బిడ్డతో ఒకే గదిలో పడుకున్నవాళ్లకు మాత్రమే రోజుకొక డోసు. ఆ కొద్ది పేర్లు పిల్లల డాక్టర్ గారు చెప్పిన రిజిస్టర్లోవే. ఇచ్చేముందు జ్వరం లేదని చూడాలి. జ్వరం ఉంటే నివారణ డోసు కాదు, పూర్తి చికిత్సే.

మిగతావాళ్లకు మంచాలు దూరంగా జరపాలి, ఒకరి తల ఉన్న వైపు పక్కవాళ్ల కాళ్లు ఉండేలా. జ్వరం ఉన్నవాళ్లకు వేరే గది, వేరే భోజన సమయం. పారాసెటమాల్ లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతే తిరిగి తరగతికి పంపొచ్చు. జ్వరం ఉన్న పిల్లల్ని ఊళ్లకు పంపేయొద్దు. హాస్టల్ ఖాళీ చేయిస్తే ఒకచోట ఉన్నది ఇరవై గూడేలకు పాకుతుంది, అక్కడ మనకు ఆశా కార్యకర్త తప్ప ఎవరూ దొరకరు.

ఇంకో మాట, 18 ట్యూబుల లెక్క ఇలా వేసుకోండి. హాస్టల్‌కు 4. అడ్మిట్ అయ్యేవాళ్లకు, రెఫర్ చేసేవాళ్లకు 8 పక్కన పెట్టండి, వీటిని ఎవరు అడిగినా ముట్టుకోవద్దు. కోళ్ల కేసుకు, అనుకోని మరణానికి 2. మిగిలిన 4తో వచ్చే వారం గురువారం ఉదయం ఓపీలో జ్వరం 38 డిగ్రీలు లేదా ఎక్కువ, దగ్గు ఉండి, మొదలై 10 రోజులు దాటని మొదటి నలుగురికి తీయండి. బాగా జబ్బుగా ఉన్నవాళ్లను ఏరకండి, వరసలో ముందొచ్చినవాళ్లనే తీసుకోండి. ఊళ్లో ఏ వైరస్ తిరుగుతోందో, మారిందో తెలిసేది ఏరకుండా తీసిన శాంపిళ్లతోనే. ఆ నాలుగూ నెగటివ్ వచ్చి ఓపీ ఇంకా 140లోనే ఉంటే మనం వేరే జబ్బును ఫ్లూ అంటున్నామేమో చూడాలి. అప్పుడు నాకు వెంటనే చెప్పండి.

---

వైరాలజీ_బల్ల:

ఫారంలో ఒక్క గడి ఖాళీ పెట్టకండి: లక్షణాలు మొదలైన తేదీ. అది లేకపోతే నెగటివ్‌ను ఎలా చదవాలో మాకు తెలియదు. రెండో రోజు నెగటివ్‌కు, తొమ్మిదో రోజు నెగటివ్‌కు పోలిక లేదు. ఒసెల్టామివిర్ మొదలుపెట్టిన తేదీ, ముక్కు స్వాబా గొంతు స్వాబా, ఓపీనా అడ్మిషనా, కోళ్లతో సంబంధం ఉందా అన్నవి కూడా రాయండి. ముక్కులో చల్లే లైవ్ వ్యాక్సిన్ గత వారంలో వేయించుకున్నారేమో అడగండి, ఆ వైరస్ కూడా పాజిటివ్ చూపిస్తుంది.

కోళ్ల కేసు అయితే ట్యూబు మీద విడిగా రాసి, పంపేముందు ల్యాబ్‌కు ఫోన్ చేయండి. ఇన్‌ఫ్లుయెంజా-ఏ అని వచ్చి, మామూలు సీజన్ ఫ్లూ రకాలైన హెచ్1 కాక, హెచ్3 కాక టైపు తేలని శాంపిల్‌ను మేం మా దగ్గర ఆపుకోం, పుణెలోని ఎన్ఐవీకి (జాతీయ వైరాలజీ సంస్థకు) పంపుతాం. ఆ శాంపిల్ వెనకున్న మనిషి ఎక్కడున్నాడో అదే రోజు మీకు తెలిసి ఉండాలి. ఫారం మీద మీ సొంత సెల్ నంబర్ రాయండి. పీహెచ్‌సీ ల్యాండ్‌లైన్ రాస్తే సాయంత్రం నాలుగు తర్వాత ఎవరూ ఎత్తరు.